మధ్యయుగపు రాత సొంతంగా నేర్చుకోవాలంటే గోతిక్‌తో మొదలుపెట్టాలా, గుండ్రటి అక్షరాలతోనా? ఏది మేలు?

మధ్యయుగపు యూరప్ చేతిరాత నేర్చుకుందామని దిగేవాళ్లలో చాలామంది గోతిక్ చూసి మోజుపడే దిగుతారు. నేనూ అంతే. నల్లగా, నిటారుగా, మొనలు తేలి, పాత డిగ్రీ సర్టిఫికెట్ల మీదా రాక్ బ్యాండ్ల టీషర్టుల మీదా కనిపిస్తాయే, ఆ అక్షరాలు. మూడు నెలలు అవే రాశాను. ఇంట్లో అందరూ అబ్బో అన్నారు, మా అమ్మ అయితే ఒక కాగితం తీసుకెళ్లి ఫ్రేమ్ కట్టించి హాల్లో తగిలించింది. ఆ తర్వాత ఒకరోజు వేరే రాతలో ఉత్త ‘ఓ’ అక్షరం రాయబోతే చెయ్యి తిరగలేదు. మూడు నెలల్లో నేను నేర్చుకున్నది నిలువు గీతలు గీయడం ఒక్కటేనని అప్పుడు తెలిసింది.

అందుకే నా మాట ముందే చెప్పేస్తున్నా: ఎవరూ పక్కన కూర్చుని నేర్పేవాళ్లు లేకపోతే ఫౌండేషనల్ అనే గుండ్రటి అక్షరాల రాతతో మొదలుపెట్టండి. అన్ని సందర్భాల్లోనూ కాదు, ఆ తేడాలు కూడా చెప్తాను.

కొత్తవాళ్ల ముందు ఉండేవి ముఖ్యంగా మూడు: అన్షియల్, ఫౌండేషనల్, గోతిక్‌లో టెక్స్చురా అనే రకం. ఇటాలిక్‌ని కూడా చాలామంది ఇందులో కలిపేస్తారు గానీ అది 15వ శతాబ్దంలో ఇటలీలో పుట్టిన పునరుజ్జీవన కాలపు రాత. రోజూ రాసే చేతిరాత బాగుపడాలంటే అదే మంచిది, ఇక్కడ మాత్రం పక్కన పెడుతున్నా.

అన్షియల్ పాతది, దాదాపు 4 నుంచి 8వ శతాబ్దం దాకా క్రైస్తవ గ్రంథాలకు బాగా వాడారు. వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది, పెద్దబడి చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) అనే గొడవ లేదు, ఒకే రకం అక్షరాలు. అంటే నేర్చుకోవాల్సింది సగానికి సగం తగ్గిపోయినట్టే. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో ఉన్న బుక్ ఆఫ్ కెల్స్ చూసే ఉంటారు, సుమారు 800 నాటిది, అందులోది దీనికి దగ్గర చుట్టమైన రాత. మన తెలుగు చేతికి ఈ గుండ్రదనం అలవాటే కాబట్టి మొదటి వారంలోనే చూడ్డానికి బాగుండే పేజీ ఒకటి వచ్చేస్తుంది. లోపం ఏంటంటే, ఏం రాసినా ఐర్లాండ్ నుంచి వచ్చిన గ్రీటింగ్ కార్డులా ఉంటుంది. ఇంకోటి, ఈ రాతలన్నీ రాసేది మొన వెడల్పుగా ఉండే పాళీతో, పాత రాతప్రతుల్లో ఉన్నట్టే రాయాలంటే ఆ మొన అంచుని రాసే గీతకు దాదాపు సమాంతరంగా, వంపు లేకుండా పట్టుకోవాలి, కొన్నిచోట్ల వేళ్ల మధ్య తిప్పాలి కూడా. పుస్తకాల్లో నేర్పేది చాలావరకు దాన్ని సులువు చేసిన రూపం.

ఫౌండేషనల్ కథ కొంచెం తమాషాగా ఉంటుంది. అది నేరుగా మధ్యయుగంలో పుట్టిన పేరు కాదు. 20వ శతాబ్దం మొదట్లో ఎడ్వర్డ్ జాన్‌స్టన్ అనే ఆయన 10వ శతాబ్దం చివర ఇంగ్లండ్‌లో రాసిన ఒక కీర్తనల గ్రంథాన్ని (ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, హార్లీ 2904 అంటారు) పట్టి పట్టి చూసి, విద్యార్థులకు నేర్పడానికి దాన్నుంచి ఒక రాత తయారుచేశాడు. లండన్ అండర్‌గ్రౌండ్ రైళ్ల బోర్డుల మీది అక్షరాలు గీసింది కూడా ఈయనే. ఆ గ్రంథంలోని రాత కరోలింజియన్ కుటుంబానిది. షార్లమేన్ అనే రాజు కాలంలో, 8వ శతాబ్దం చివర మొదలై యూరప్ అంతా పాకిన రాత అది. 15వ శతాబ్దంలో ఇటలీ పండితులు దాన్ని మళ్లీ పైకి తీశారు, అచ్చు అక్షరాలు పోతపోసినవాళ్లు వాళ్లను అనుసరించారు, అలా ఇవాళ మన ఫోన్లో కనిపించే ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాలన్నీ దాని మనవలు, మునిమనవలే.

దీనివల్ల ఒక లాభం, అదే కష్టం కూడా. ఈ అక్షరాలు మన కంటికి చిన్నప్పట్నుంచీ తెలుసు. ‘ఎన్’ కాస్త వంకరపోయినా ఎవరైనా పట్టేస్తారు, మీరూ పట్టేస్తారు. సొంతంగా నేర్చుకునేవాడికి గురువు లేడు కదా, తప్పు చెప్పేది తన కన్నే. తప్పు కంటికి కనపడే రాత కావాలి. గోతిక్‌లో అదే దొరకదు, అన్ని గీతలూ ఒకలాగే ఉండి పేజీ మొత్తం నల్లగా గంభీరంగా కనిపించి మనల్ని మోసం చేస్తుంది.

అలాగని టెక్స్చురా సులువని కాదు. ఆ పేరులోనే నేత అనే అర్థం ఉంది. పేజీని కాస్త దూరం నుంచి చూస్తే మగ్గం మీది పడుగు పోగుల్లా నిలువు గీతలు సమానంగా నిలబడి ఉండాలి. గీత ఎంత లావో రెండు గీతల మధ్య తెలుపు దాదాపు అంతే, అక్షరం లోపల ఎంత సందో అక్షరానికీ అక్షరానికీ మధ్యా అంతే. ‘మినిమమ్’ అనే లాటిన్ మాట ఈ రాతలో రాస్తే 15 నిలువు గీతలు వరసగా వస్తాయి, ఏ గీత ఏ అక్షరానిదో రాసినవాడికే అర్థం కాదు. ‘ఐ’ మీద చుక్క పెట్టే అలవాటు ఇలాంటి ఇబ్బంది వల్ల వచ్చిందే. గూటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో అచ్చువేసిన బైబిల్లో అక్షరాలు కూడా ఈ చేతిరాతను చూసి చేసినవే. ఆ సందుల లెక్క కుదిరితేనే అందం. నాకు మూడు నెలల్లో కుదరలేదు, అయినా చూసినవాళ్లు అబ్బో అన్నారు, సమస్య అదే.

ఇక మన తెలుగు చేతికి ఉండే ఒక ప్రత్యేకమైన ఇబ్బంది చెప్పాలి, ఇది ఇంగ్లిష్ వీడియోల్లో ఎవరూ చెప్పరు. మనం సున్న చుట్టేది ఒకే ఊపులో, కలం ఎత్తకుండా. ‘ర’ అయినా ‘ఠ’ అయినా చుట్టుకుంటూ పైకి పోతాం. వెడల్పు పాళీ పైకి తోస్తే ఊరుకోదు. ముంచి రాసే పాళీ అయితే కాగితంలో గుచ్చుకుని సిరా చిమ్ముతుంది. ఫౌండేషనల్‌లో ‘ఓ’ని రెండు ముక్కలుగా రాయాలి: ఎడమవైపు నెలవంక ఒకటి పైనుంచి కిందికి, కలం ఎత్తి, మళ్లీ పైనుంచే కుడివైపు నెలవంక. పాళీ అంచు రాసే గీతకు 30 డిగ్రీల వంపులో అలాగే ఉండాలి, మణికట్టు తిరక్కూడదు. నాకు ఈ ఒక్క అలవాటు మారడానికి రెండు వారాలు పట్టింది. అది పట్టుబడ్డాక బి, సి, డి, ఇ, పి, క్యూ అన్నీ ఆ నెలవంకల్లోంచే వచ్చేస్తాయి. టెక్స్చురాలో గుండ్రటి గీతే లేదు గనక ఈ అలవాటు జోలికే పోం, అందుకే అక్కడ మొదలెట్టినవాళ్లం తర్వాత ఇరుక్కుంటాం.

అక్షరం ఎత్తు ఎంత ఉండాలో పాళీయే చెప్తుంది. పాళీని నిలువుగా తిప్పి చిన్న చిన్న నల్ల గడులు ఒకదాని మీద ఒకటి మెట్లలా పెట్టుకుంటూ పోవాలి. ఫౌండేషనల్‌కి నాలుగున్నర మెట్లు, అన్షియల్‌కి నాలుగు, టెక్స్చురాకి ఐదు. టెక్స్చురాకి కలం వంపు కూడా ఎక్కువ, 40 నుంచి 45 డిగ్రీలు. చిన్నప్పటి నాలుగు గీతల కాపీ పుస్తకం ఇంట్లో ఉంటే దాని మీదే రాసేద్దామనిపిస్తుంది, కానీ ముందు మెట్లు పేర్చి చూడండి, మధ్య గీతల ఎత్తుకి మీ పాళీ సరిపోకపోతే అక్షరాలు బక్కగానో బొద్దుగానో వస్తాయి. స్కేలు పట్టుకుని సొంతంగా గీతలు కొట్టుకోవడమే నయం.

సామాను సంగతి. మొదటి వారం ఏమీ కొనొద్దు. రెండు పెన్సిళ్లను పక్కపక్కన పెట్టి రబ్బరు బ్యాండు వేయండి, రెండు మొనలూ కాగితానికి తగిలేలా. అదే వెడల్పు పాళీ. గీత ఎక్కడ లావవుతుందో ఎక్కడ సన్నబడుతుందో రెండు గీతల మధ్య ఖాళీగా కళ్లముందు కనిపిస్తుంది. ఆ తర్వాత పైలట్ ప్యారలల్ పెన్ (పైలట్ కంపెనీ వెడల్పు మొన పెన్ను) కొనడం మేలు, 2.4 లేదా 3.8 మిల్లీమీటర్లది. 1.5ది వద్దు, అంత సన్నగా రాస్తే మళ్లీ తప్పులు దాక్కుంటాయి. హోల్డరుకి పాళీ గుచ్చి సిరాబుడ్డిలో ముంచి రాస్తే గీత ఇంకా పదునుగా వస్తుంది, నిజమే, కానీ ఎంత సిరా తీయాలి, ఎంత నొక్కాలి, కొత్త పాళీకి ఉండే నూనె పూతను సబ్బునీళ్లతో కడగాలి అని అదో పది రకాల టెన్షన్. అక్షరం కుదిరాక ఆ సరదా తీర్చుకోవచ్చు. ఆన్‌లైన్లో దొరికే ఇరవై పాళీల సెట్లు మాత్రం కొనకండి, నేను కొన్న సెట్టులో సగం పాళీల చీలిక సరిగ్గా కలవక సిరా దిగనే లేదు.

సిరా గురించి ఒక్క ముక్క. నీటికి చెదరదు కదా అని లక్క కలిసిన వాటర్‌ప్రూఫ్ నల్ల సిరాని నేను ప్యారలల్ పెన్‌లో పోశాను. ఎండిపోయి పెన్ను మళ్లీ పనిచేయలేదు. ఫౌంటెన్ పెన్ సిరాయే పోయాలి. యూరప్‌లో ఆ రోజుల్లో ఓక్ చెట్ల బుడిపెలు, ఇనుప లవణం, బంక కలిపి సిరా కాచేవాళ్లు. మన దగ్గర పాతకాలంలో కరక్కాయ, అన్నభేదితో కాచిన సిరా కూడా అదే రసాయనం, కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడటం. ముంచి రాసే పాళీ చేతిలో ఉంటే ఆ ప్రయోగం చేసి చూడొచ్చు.

కాగితం మామూలు జిరాక్స్ పేపర్ అయితే సిరా పాకుతుంది, 100 జీఎస్ఎం తీసుకోండి. పాత పరీక్ష అట్ట కింద నాలుగు పుస్తకాలు పెట్టి ఏటవాలుగా రాస్తే మెడ నొప్పి ఉండదు. అప్పటి లేఖకులూ ఏటవాలు బల్లల మీదే రాసేవాళ్లు.

దిద్దడమా, చూసి రాయడమా? పలక మీద దిద్దినట్టే ట్రేసింగ్ కాగితం వేసి ఒకటి రెండు రోజులు దిద్దండి, గీతల వరస తెలుస్తుంది. అంతకు మించితే చెయ్యి పని చేస్తూ ఉంటుంది గానీ కన్ను నిద్రపోతుంది. వీడియోలు కలం కదలిక చూడ్డానికి బాగా పనికొస్తాయి. ఆకారం కోసం మాత్రం అసలు రాతప్రతులే చూడాలి: బుక్ ఆఫ్ కెల్స్ మొత్తం ట్రినిటీ వాళ్లు ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టారు, స్విట్జర్లాండ్ రాతప్రతులు ఈ-కోడిసెస్ సైట్లో బాగా పెద్దగా జూమ్ అవుతాయి.

ఫౌండేషనల్ కాదనాల్సిన సందర్భం నాకు ఒకటే తోస్తుంది: వచ్చే నెలలో ఎవరికో కార్డు మీద పేర్లు రాసివ్వాలి, ఓపిక లేదు, అప్పుడు అన్షియల్. గోతిక్ కోసమే బతుకుతున్నాను అనేవాళ్లు రెండు నెలలు ఫౌండేషనల్ రాసి రండి, నేను అలాగే తిరిగొచ్చాను, ఈసారి ఆ 15 గీతలూ దాదాపు సమానంగా పడ్డాయి. ఆ కొత్త కాగితం అమ్మకి చూపించి, గోడ మీది పాతది తీసేసి ఇది పెడదామన్నాను. రెండూ ఒకేలా ఉన్నాయి కదరా, దానికి మళ్లీ ఫ్రేమ్ ఖర్చెందుకు అంది. పాతదే ఉంది ఇంకా. సోఫాలో కాఫీ తాగుతుంటే సరిగ్గా మూడో మాటలో ‘ఎమ్’ పక్కన ఉన్న పెద్ద సందు మీదే పడుతుంది నా కన్ను.