రెండు లక్షల కిలోమీటర్లు దాటిన కారుకు సర్వీసు పట్టిక ఎంతవరకు పనికొస్తుంది? చాలా ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

నా కారు మాన్యువల్లో సర్వీసు పట్టిక లక్షా అరవై వేల కిలోమీటర్ల గడి దగ్గర ఆగిపోతుంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం: ఆపైన ఇదే వరుసను మొదటి నుంచి పాటించండి. ఆ గడి దాటి చాలా కాలమైంది. ఇప్పుడు ఓడోమీటరు రెండు లక్షల నలభై వేలకు పైగా చూపుతోంది. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిను, టైమింగ్ బెల్టు, ఆరు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు. మొదటి నుంచీ నా చేతిలోనే ఉంది. ఇన్నేళ్లు ఆ పట్టికను ముందు పెట్టుకుని కారు నడిపాక అందులో ఏది నమ్మదగినది, ఏది లాంఛనం, ఏది అసలు రాయనే లేదు అన్న విషయంలో నాకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి.

పట్టిక తీరు అందరికీ తెలిసిందే. అడ్డంగా కిలోమీటర్లు, నిలువుగా భాగాలు, గడుల్లో రెండే గుర్తులు: 'మార్చండి', 'పరిశీలించండి'. కారు కొత్తగా ఉన్నంత కాలం మొదటి గుర్తును పాటిస్తే చాలు, రెండోదాన్ని ఎవరూ పట్టించుకోకపోయినా నడిచిపోతుంది. వయసు పైబడిన కారుకు అసలు పనంతా 'పరిశీలించండి' అన్న గడుల్లోనే ఉంటుంది. చిక్కేమిటంటే, పరిశీలన వల్ల వర్క్‌షాపుకు బిల్లు పెరగదు. అందుకే ఆ గడికి రెండు గతులే పడతాయి: ఎవరూ చూడకుండానే టిక్కు పడుతుంది, లేదా బాగున్న భాగం కూడా 'మార్చండి' కిందికి జారుతుంది. నా దగ్గరున్న జాబ్ కార్డుల్లో రెండు రకాలూ ఉన్నాయి. ఒకసారి 'బ్రేక్ ప్యాడ్లు పరిశీలించాం, బాగున్నాయి' అని రాసిచ్చారు. చక్రాల బోల్టులకు, రిమ్ముకు కలిపి నేను గీసిన రంగు గీతలు ఒక్కటీ చెదరలేదు. చక్రం విప్పలేదన్నమాట. విప్పకుండా లోపలి వైపు ప్యాడ్ సరిగా కనబడదు, చాలా కార్లలో ముందుగా అరిగేది అదే.

అప్పటి నుంచి 'బాగుంది' అన్న మాటను ఒప్పుకోవడం మానేశాను. అంకె రాయమంటాను. కొత్త ప్యాడ్ మందం దాదాపు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 3 దగ్గరికి వచ్చిందంటే మార్చాల్సిందే. పోయిన సర్వీసులో 8, ఈసారి 7 అని నోటుపుస్తకంలో ఉంటే, ఇంకెంత దూరం వస్తాయో ఎవరినీ అడగక్కర్లేదు. బ్యాటరీ సంగతీ అంతే. ఇంజిను ఆపి కొన్ని గంటలు వదిలేశాక 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.4 చూపితే నాలుగింట మూడు వంతులు మిగిలినట్టు. ఇంజిను నడుస్తున్నప్పుడు నా కారులో 13.8, 14.5 వోల్టుల మధ్య రావాలి. అది రాకపోతే కొత్త బ్యాటరీ కొనే ముందు ఆల్టర్నేటరును చూడాలి. టైరు మీద నాలుగంకెల తయారీ గుర్తు ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. గాడి లోతు బాగానే ఉన్నా రబ్బరుకు ఏళ్లు మీద పడతాయి కాబట్టి అదీ రాసిపెట్టుకోవాలి. ఈ అంకెల పుస్తకం వచ్చాక కౌంటరు దగ్గర వాదనలు బాగా తగ్గాయి.

పట్టికలో బేరమాడకూడని గడి ఒకటుంది. అది టైమింగ్ బెల్టు, పిస్టన్లకూ వాల్వులకూ లయ తప్పకుండా చూసే పళ్ల పట్టీ. నా ఇంజినులో పిస్టన్లు, వాల్వులు సిలిండరు పైభాగంలో ఒకే చోటును వంతులవారీగా వాడుకుంటాయి. బెల్టు తెగినా, పళ్లు జారినా తెరిచి ఉన్న వాల్వును పిస్టన్ గుద్దుతుంది. ఆ తర్వాత వచ్చేది బెల్టు బిల్లు కాదు, ఇంజిను బిల్లు. అందుకే కిలోమీటర్ల గడువు, ఏళ్ల గడువు రెండింటిలో ఏది ముందొస్తే అప్పుడే మార్పించాను. ఈ గడువు ఇంజినును బట్టి ఎంతో తేడాగా ఉంటుంది. మరొకరి కారు లెక్క మన కారుకు పనికిరాదు. బెల్టు ఒక్కటే మార్పిస్తే దండగ. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనరు, దారి తప్పకుండా నడిపే ఐడ్లరు, ఆ బెల్టుతోనే తిరిగే వాటర్ పంపు అన్నీ పక్కపక్కనే ఉంటాయి, కూలీలో ఎక్కువ భాగం అక్కడిదాకా విప్పడానికే అవుతుంది. నాకు విప్పి చూపించిన పాత బెల్టు మీద ఒక్క చీలికైనా లేదు, పళ్లన్నీ సరిగానే ఉన్నాయి. టెన్షనరు బేరింగును వేలితో తిప్పితే మాత్రం ఇసుక పడినట్టు గరగరమంది. బెల్టును పైనుంచి చూసి 'ఇంకా నడుస్తుంది' అనేవాళ్ల మాట నేను నమ్మకపోవడానికి కారణం అదే.

ఇంజిన్ ఆయిల్ విషయంలో మాన్యువల్ మీద నాకు గౌరవం పెరిగింది, కాకపోతే రెండో పట్టికను కూడా చదివాకే. మామూలు వాడకానికి ఒకటి, కఠిన వాడకానికి ఒకటి ఉంటాయి. కఠిన వాడకం అనగానే కొండలు, ఎడారులు గుర్తొస్తాయి గానీ ఆ జాబితాలో ఉన్నవి వేరు: ఇంజిను పూర్తిగా వేడెక్కకముందే ముగిసే చిన్న ప్రయాణాలు, ఆగుతూ సాగే ట్రాఫిక్, ఎక్కువసేపు నిలబడి ఇంజిను నడపడం, దుమ్ము. నగరంలో తిరిగే కార్లలో ఇందులోకి రానివి ఎన్ని? చల్లటి ఇంజినులో కాలని పెట్రోలు, నీటి ఆవిరి ఆయిల్లో కలుస్తాయి. ఎక్కువ దూరం వేడి మీద నడిస్తేనే అవి ఆవిరై పోతాయి. నా మాన్యువల్ మామూలు వాడకానికి పదిహేను వేల కిలోమీటర్లు అంటుంది, నేను పది వేలకు లేదా ఏడాదికి మారుస్తాను. ఐదు వేలకే మార్చాలన్న సలహా చాలామంది ఇచ్చారు. నా వాడకంలో దానికి ఆధారమేమీ కనబడలేదు.

లక్షన్నర దాటాక ఇంజిను ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. పట్టిక దీని గురించి ఏమీ చెప్పదు. సర్వీసుకు, సర్వీసుకు మధ్య ఆయిల్ అలాగే ఉంటుందన్నది దాని నమ్మకం. కొందరు తయారీదారులు వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాకా తగ్గినా మామూలేనంటారు. నా ఉద్దేశంలో అది తయారీదారుకు మామూలు, యజమానికి కాదు. కారును సమతలం మీద నిలిపి, ఇంజిను ఆపి కొన్ని నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ పెట్టి చూడటం అలవాటైతే చాలు. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఆయిల్ మట్టం తగ్గినప్పుడు వెలగదు, ఒత్తిడి పడిపోయినప్పుడు వెలుగుతుంది. అప్పటికే ఆలస్యమైపోతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే తాగడం ఆగుతుందని అందరూ చెప్పారు. మాన్యువల్ అనుమతించిన గ్రేడుల్లో కాస్త చిక్కటిది వాడి చూశాను, తేడా అంతంతమాత్రం. పనిచేసింది వేరొకటి. ఇంజిను అడుగు భాగమైన క్రాంక్‌కేసులోని ఆవిరిని తిరిగి ఇంజినులోకి పంపే పీసీవీ వాల్వు మూసుకుపోయి ఉంది. పట్టికలో ఎక్కడో అడుగున, 'పరిశీలించండి' గుర్తుతో దాక్కున్న చిన్న భాగం. దాన్ని మార్చాక ఆయిల్ వాడకం కళ్లకు కనబడేంతగా తగ్గింది.

ఇక పట్టిక మీద నాకున్న అతి పెద్ద ఫిర్యాదు గేర్ ఆయిల్. ఆటోమేటిక్ గేర్‌బాక్సు గడిలో 'జీవితకాలం సరిపోతుంది' అని ఉంది. ఎవరి జీవితకాలం? గేర్‌బాక్సుదే అయితే ఆ మాట ఎప్పటికీ నిజమే, ఆయిల్ చెడి గేర్‌బాక్సు పోయిన రోజునే దాని జీవితకాలమూ ముగుస్తుంది కదా! అందులోని ఆయిల్ వేడికి మెల్లగా ఆక్సీకరణ చెందుతుంది, క్లచ్ ప్లేట్ల నుంచి రాలే పొడి అందులోనే చేరుతుంది. నేను ఎనభై వేల దగ్గర మొదటిసారి మార్పించి, తర్వాత అరవై వేలకోసారి కొనసాగించాను. కిందికి వదిలి మళ్లీ నింపే పద్ధతిలో ఒక్కసారికి దాదాపు సగమే మారుతుంది, మిగతాది ఎక్కువగా ఇంజినుకు, గేర్‌బాక్సుకు మధ్య ఉండే టార్క్ కన్వర్టరులో ఉండిపోతుంది. అందుకే మొదటిసారి కొద్ది వందల కిలోమీటర్ల తేడాతో మళ్లీ చేయించాను. మొదట దిగిన ఆయిల్ కాఫీ డికాషన్ రంగులో ఉంది. రెండోసారి దిగినది ఎర్రగా, కాస్త మాసినట్టుగా ఉంది.

ఈ పని చేసేవాళ్లను ఎంచుకోవడానికి నాకు ఒకే పరీక్ష ఉంది. మట్టం ఎలా చూస్తారని అడుగుతాను. నా గేర్‌బాక్సుకు డిప్‌స్టిక్ లేదు. ఇంజిను నడుస్తుండగా, ఆయిల్ వేడి మాన్యువల్ చెప్పిన హద్దులో ఉన్నప్పుడు కింది బోల్టు తీయాలి. సన్నటి ధారగా కారి, అది చుక్కలుగా మారుతున్నప్పుడు బోల్టు బిగించాలి. స్కానరుతో ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ చేస్తామని చెప్పినవారికే కారు ఇచ్చాను. ఎంత తీశామో అంతే పోస్తామన్నవారి దగ్గరి నుంచి వెనక్కి వచ్చేశాను, ముందే తగ్గి ఉన్న ఆయిల్ ఆ లెక్కతో ఎప్పటికీ సరికాదు.

కూలెంటు, బ్రేక్ ఆయిల్ విషయంలో పట్టిక చెప్పింది చెప్పినట్టు చేస్తే సరిపోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ చేరిన ఆయిల్‌కు ఆ హద్దు 155 డిగ్రీలే. దిగుడు దారిలో వరుసగా బ్రేకు వేసేవారికి ఆ తేడా పెడలు కింద తెలుస్తుంది. కారు కదలకుండా ఉన్నా తేమ చేరుతూనే ఉంటుంది, కాబట్టి ఇక్కడ కిలోమీటర్లను వదిలేసి రెండేళ్ల లెక్క పట్టుకోవాలి. కూలెంటును రంగు చూసి కలపవద్దు. ఒకే రంగులో వేర్వేరు రసాయనాలు దొరుకుతాయి, మాన్యువల్లో రాసిన ప్రమాణమే చూడాలి.

కిలోమీటర్లు పెరిగేకొద్దీ కారుకు మందులు అమ్మేవారూ పెరుగుతారు. రెండు లక్షలు దాటిన తర్వాతి సర్వీసులో అడ్వైజరు ఒక ప్యాకేజీ ముందు పెట్టాడు: ఇంజిన్ ఫ్లష్ (లోపలి మడ్డిని కడిగే మందు), ఇంజెక్టర్ల శుభ్రత, ఇంజినులోకి గాలిని వదిలే థ్రాటిల్ శుభ్రత.

"ఏ లక్షణం చూసి చెబుతున్నారండీ?" అన్నాను.

"లక్షణమేమీ లేదు సార్, కిలోమీటర్లను బట్టి చెబుతున్నాం."

ఆ జవాబుతోనే నా నిర్ణయమూ అయిపోయింది. ఇంజెక్టర్లు మూసుకుపోతుంటే కారు ఏదో ఒక రూపంలో చెబుతుంది: ఇంజిను వణుకుతుంది, లీటరుకు వచ్చే దూరం తగ్గుతుంది, స్కానరు పెడితే ఫ్యూయల్ ట్రిమ్ అంకె (పెట్రోలు మోతాదును కారు కంప్యూటరు ఎంత సవరిస్తోందో చెప్పే శాతం) సున్నాకు దూరంగా జరుగుతుంది. నాది అటూ ఇటూ ఐదు శాతం లోపే ఉంది. పది దాటి నిలబడితే అప్పుడు వెతుకుతాను, అప్పుడైనా ముందు గాలి లీకును చూస్తాను. ఇంజిన్ ఫ్లష్ విషయంలో నా అయిష్టం ఇంకా ఎక్కువ. ఆయిల్ సమయానికి మార్చిన ఇంజినుకు దాని అవసరం లేదు. మార్చని ఇంజినులోనేమో ఒక్కసారిగా కదిలిన మడ్డి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడే ప్రమాదం ఉంది. థ్రాటిల్ శుభ్రత మాత్రం ఒకసారి చేయించాను, కారు నిలబడి ఉన్నప్పటి ఇంజిను వేగం (ఐడిల్) నిలకడగా లేనప్పుడు.

పట్టికలో అసలు కనబడనిది రబ్బరు. లక్షన్నర దాటాక నేను మార్పించిన వాటిలో ఎక్కువ భాగం రబ్బరు, ప్లాస్టిక్ వస్తువులే: కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, ఇంజిన్ మౌంటు, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు కీలుకు తొడిగే బూటు, రేడియేటరు పై హోస్. బూటు చిరిగి గ్రీజు బయటికి చిమ్మిన వెంటనే పట్టుకుంటే బూటు ఒక్కటి మారిస్తే సరిపోతుంది. మలుపులో టకటక శబ్దం మొదలయ్యాక షాఫ్టే మార్చాలి. ఇంజిను పూర్తిగా చల్లారాక హోస్‌ను రెండు వేళ్లతో నొక్కి చూస్తాను. గట్టిపడి కరకరమన్నా, క్లిప్పు దగ్గర ఉబ్బినా దానికి రోజులు దగ్గరపడ్డాయి. ఫ్యాన్ బెల్టు విషయంలో చీలికల కోసం వెతకడం పాత పద్ధతి. ఇప్పటి బెల్టులు చీలకుండానే గాడుల లోతున అరుగుతాయి, దానికి చిన్న ప్లాస్టిక్ గేజి వస్తుంది. షాకబ్జార్బర్లకు నూనె కారుతోందా, టైరు అంచు గుంటలు గుంటలుగా అరుగుతోందా అని చక్రాలు విప్పినప్పుడే చూపించమంటాను.

మిగతావి పెద్దగా చెప్పుకోవాల్సినవి కావు. ఇరిడియం స్పార్క్ ప్లగ్గులు లక్ష దాటినా నిక్షేపంగా పనిచేశాయి. గడువుకు కాస్త ముందే మార్పించింది ప్లగ్గులు కూర్చునే గుంతల్లో ఆయిల్ చేరిందేమో చూద్దామని. ఎయిర్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు నేనే తీసి చూస్తాను, రెండు నిమిషాల పని.

అన్నీ ఒకేసారి మీద పడినప్పుడు నా వరుస ఇది: ఆపడానికీ తిప్పడానికీ సంబంధించినవి ముందు, ఒకటి చెడితే పదింటిని చెడగొట్టేవి తర్వాత, శబ్దం, సౌకర్యం చివర. ఆ లెక్కన వెనక చక్రం బేరింగు హోరు వెంటనే చూడాలి, డాష్‌బోర్డు కిరకిరను ఏళ్ల తరబడి భరించవచ్చు. భరిస్తున్నాను కూడా.

ఈ అనుభవం అన్ని కార్లకూ వర్తించదు. విడివిడి గేర్లు లేని సీవీటీ గేర్‌బాక్సుకు దాని కోసమే చేసిన ఆయిల్ కావాలి, నా అరవై వేల లెక్క దానికి పెట్టవద్దు. డీజిల్ కారుకు ఫ్యూయల్ ఫిల్టరులో చేరే నీరు, పొగ గొట్టంలో మసిని పట్టే పర్టిక్యులేట్ ఫిల్టరు వేరే కథ. బెల్టు బదులు టైమింగ్ చైన్ ఉన్నవారికి మార్చాల్సిన గడువేమీ రాసి ఉండదు గానీ, ఆయిల్ ఆలస్యం చేస్తే ముందు సాగేది ఆ చైనే. ఉదయం మొదటిసారి స్టార్టు చేసినప్పుడు రెండు మూడు క్షణాలు గలగలమంటే వాయిదా వేయకుండా చూపించాలి.