నడుము నొప్పికి డైక్లోఫెనాకా, పారాసెటమాలా?

విశాఖలో మే నెల ఉక్కపోత. గాజువాక వైపు మధ్యాహ్నం దాకా వెల్డింగ్ చేసినవాళ్ళ చొక్కా పిండితే నీళ్ళు కారతాయి. సాయంత్రం నడుము పట్టేస్తే మెడికల్ షాపులో ఈ రెండిట్లో ఏదో ఒకటి చేతికొస్తుంది.

వాపుతో కూడిన నొప్పికి డైక్లోఫెనాక్‌దే పైచేయి, వాదన అక్కర్లేదు. చెమటోడ్చిన రోజున పెద్ద చిక్కు కిడ్నీ దగ్గర. అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం నుంచి మన ఒళ్ళు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారు చేసుకుంటుంది. ఒంట్లో నీళ్ళు తగ్గి రక్తనాళాలు బిగుసుకున్నప్పుడు, కిడ్నీ వడపోత గుత్తిలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాన్ని తెరిచి ఉంచేవి ఇవే. చిత్రమేమిటంటే, అదే ఆమ్లం నుంచి పుట్టే 20-హెట్ అనే మరో రసాయనం ఆ నాళాన్ని బిగిస్తుంది. డైక్లోఫెనాక్ ప్రోస్టాగ్లాండిన్లను ఆపేస్తుంది (ఆస్పిరిన్ చేసే పనీ ఇదేనని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించాడు). ఇక బిగించేవాటికి అడ్డుండదు, వడపోత పడిపోతుంది. బీపీకి టెల్మిసార్టన్ వాడేవాళ్ళకు ముప్పు ఎక్కువ. అది రక్తం బయటికి పోయే నాళాన్ని సడలిస్తుంది కాబట్టి లోపలి ఒత్తిడి రెండు వైపులా తగ్గుతుంది. దానికి తోడు ఒంట్లో నీరు తీసే బిళ్ళ కూడా ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ.

పారాసెటమాల్ మామూలు మోతాదులో కిడ్నీ జోలికి పెద్దగా పోదు. దాని బెడద కాలేయానికి, అదీ మోతాదు మించితే.

చెమటోడ్చిన రోజున నా ఓటు పారాసెటమాల్‌కే. వాపు మరీ ఉంటే డైక్లోఫెనాక్ జెల్ అడగండి, పైన పూస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. బిళ్ళే కావాలంటే, బీపీ మందుల సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.