విద్యార్థుల మానసిక ఆరోగ్యం: ఏటా సర్వే మేలా, ఒకే బ్యాచ్ వెంట నాలుగేళ్లు నడవడం మేలా?

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చినప్పటి నుంచి, కాలేజీల్లో పాఠాలు చెప్పే మిత్రులు నన్ను ఒకటే అడుగుతున్నారు. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలన్నారు, సరే, పెట్టుకుంటాం. అసలు పిల్లలు ఎలా ఉన్నారో తెలుసుకోవాలంటే ఏటా సర్వే చేయాలా, చేరిన బ్యాచ్‌నే డిగ్రీ చేతికొచ్చేదాకా గమనించాలా? మా కాలేజీ మటుకు చేసుకుంటే చాలదా, నాలుగు యూనివర్సిటీలు కలవాలా?

ఏటా సర్వేను తీసిపారేయలేం. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు మొదలుపెట్టిన ‘హెల్తీ మైండ్స్’ 2007 నుంచి నడుస్తోంది. పెద్ద క్యాంపస్ అయితే లాటరీ తీసినట్టు నాలుగు వేల మందిని ఎంచి ప్రశ్నలు పంపుతారు. 373 క్యాంపస్‌ల జవాబులు కలిపి చూస్తే, 2020–21లో 60 శాతానికి పైగా విద్యార్థుల్లో ఏదో ఒక మానసిక సమస్య లక్షణాలు కనిపించాయి. 2013లో ఉన్నదానికి ఇది దాదాపు ఒకటిన్నర రెట్లు. ఖర్చు తక్కువ, పేరు అడగరు, ఆర్నెల్లలో రిపోర్టు వస్తుంది. కౌన్సెలర్ పోస్టులు కావాలని యాజమాన్యాన్ని ఒప్పించడానికి ఇంతకంటే పనికొచ్చే కాగితం లేదు.

కానీ ఏటా జవాబిచ్చేది వేరే పిల్లలు. అంకె పెరిగిందంటే కాలేజీలో చేరాక కుంగిపోయారా, కుంగిపోయే వచ్చారా అన్నది ఆ సర్వే చెప్పలేదు. మన దగ్గర తేలాల్సింది సరిగ్గా అదే. రెండేళ్లు రెసిడెన్షియల్ ఇంటర్, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్), జేఈఈ దాటి వచ్చిన పిల్లవాడిని ఫస్ట్ ఇయర్ డిసెంబరులో అడిగితే, అతని నిద్రలేమి ఏ గేటు దగ్గర మొదలైందో ఎలా తెలుస్తుంది? 21 దేశాల ఇంటింటి సర్వేల్లోంచి కాలేజీ విద్యార్థుల లెక్కలు తీసి 2016లో ఒక విశ్లేషణ వేశారు. సమస్య ఉన్నవాళ్లలో 83 శాతం మందికి అది కాలేజీలో అడుగుపెట్టక ముందే మొదలైందని తేలింది. చికిత్స అందింది ఆరుగురిలో ఒకరికి. అయితే అది కూడా ‘ఎప్పుడు మొదలైంది’ అని అడిగి, వాళ్ల జ్ఞాపకం మీద కట్టిన లెక్కే. చేరిన వారంలోనే ఒకసారి అడిగి పెట్టుకుంటే జ్ఞాపకాన్ని నమ్ముకునే అవసరం ఉండదు.

కెనడాలో క్వీన్స్ యూనివర్సిటీ ‘యు-ఫ్లరిష్’ పేరుతో ఆ పనే చేసింది, తర్వాత ఆక్స్‌ఫర్డ్ కూడా కలిసింది. క్వీన్స్‌లో డిప్రెషన్ లక్షణాలున్నవాళ్లు చేరేటప్పుడు 27 శాతం, ఏడాది చివరికి 33 శాతం. అంటే ఎక్కువ భాగం బరువు మోసుకొచ్చిందే, క్యాంపస్ కొంత కలిపింది. ఇలా విడదీసి చూపించడం ఏటా సర్వేకు చేతకాదు. ఇబ్బంది ఏమిటంటే మొదట 58 శాతం జవాబిచ్చారు, ఏడాది చివరికి మిగిలింది 37 శాతం. తప్పుకున్నవాళ్లలోనే కష్టంలో ఉన్నవాళ్లు ఎక్కువ ఉండొచ్చు. మార్కులు, హాజరు చూసుకోవడానికి చేరిన రోజే అనుమతి తీసుకుంటే, జవాబులు మానేసినవాళ్లు కూడా పూర్తిగా కనుమరుగు కారు.

నన్నడిగితే వీటన్నిటికంటే ముందు తేలాల్సింది ఇంకోటి ఉంది: పేరు ఎవరి దగ్గర ఉంటుంది? ఒకే విద్యార్థిని నాలుగేళ్లు గమనించాలంటే ఏదో ఒక గుర్తు కావాలి. హాజరు తక్కువైతే డిటెయిన్ చేసేదీ, ఇంటికి ఫోన్ చేసేదీ కాలేజీయే. అదే కాలేజీ గూగుల్ ఫామ్ పంపి ‘ఈ రెండు వారాల్లో బతకకపోతే బాగుండునని అనిపించిందా’ అని అడిగితే, హాల్ టికెట్ నంబరు వేసి మరీ నిజం రాసేదెవరు? అమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన తేదీ కలిపి ఎవరి కోడ్ వాళ్లే చేసుకునే పద్ధతి ఒకటుంది. కానీ మరుసటి ఏడాది కొంతమంది కోడ్ సరిపోలదు, మార్కులతో ముడిపెట్టడం కుదరదు.

యూనివర్సిటీలు కలవడంలో అసలు లాభం నాకు ఇక్కడే కనిపిస్తుంది. వరంగల్ కాలేజీ పిల్లల పేర్ల జాబితా తిరుపతిలో, తిరుపతి వాళ్లది విశాఖలో తాళంలో ఉంచి, పరిశోధకులకు కోడ్ ఒక్కటే ఇస్తే, ప్రిన్సిపాల్ అడిగినా చూపించడానికి ఏమీ ఉండదు. తీవ్రమైన ఘటనలు ఒక్క క్యాంపస్‌లో తక్కువ కాబట్టి కారణాలు వెతకడానికి కూడా నలుగురూ కలవాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో సాగే కాలేజీ సర్వేల్లో 8 దేశాల్లోని 19 కాలేజీల నుంచి 13,984 మంది ఫస్ట్ ఇయర్ పిల్లలు జవాబిచ్చారు. అన్నిచోట్లా అవే ప్రశ్నలు కాబట్టే వాటిని పక్కపక్కన పెట్టి చూడగలిగారు.

పేరు తెలిసిందంటే బాధ్యత కూడా వస్తుంది. పేరు లేని సర్వేలో చావు ఆలోచనలు ఉన్నాయని రాసినవాళ్లకు చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇచ్చి ఊరుకోగలం. పేరున్న అధ్యయనంలో అదే రోజు ఫోన్ చేసే మనిషి ఉండాలి, ఆ సంగతి ఫామ్ నింపే ముందే విద్యార్థికి చెప్పాలి. ఆ మనిషి జీతానికి డబ్బు లేకపోతే ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

మిగతా దారులు రెండు. కౌన్సెలింగ్ సెంటర్ల రికార్డులు కలిపి చూడడం ఒకటి. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చేస్తున్నారు, కానీ కౌన్సెలర్ గడప తొక్కినవాళ్లే అందులో కనిపిస్తారు. ఫోన్ సెన్సర్లతో నిద్ర, తిరుగుడు కొలవడం ఇంకోటి. అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో 2013లో 48 మంది విద్యార్థులతో పది వారాలు చేశారు. హాస్టల్ పిల్లల ఫోన్లలోకి తొంగిచూసే యాప్ మన దగ్గర వద్దు.

ఒక్క కాలేజీయే ఉండి, చేతిలో ఒక్క ఏడాది డబ్బే ఉంటే ఏటా సర్వేనే చేయండి, పేరు అడగొద్దు. మూడు క్యాంపస్‌లు ఒప్పుకుంటే మాత్రం బ్యాచ్‌నే పట్టుకోండి. ఇండక్షన్ ప్రోగ్రామ్‌లోనే, మొదటి మిడ్ పరీక్షలకు ముందు, తొలిసారి అడగాలి. మిడ్స్ అయ్యాక అడిగితే పరీక్షల టెన్షన్ కూడా ఇంటర్ ఖాతాలో పడుతుంది.