మోడుల పిలకలా, మియావాకీ మొక్కలా: పోయిన అడవికి ఏది మేలు?

అడవి తనంతట తాను పెరిగే తీరునే అనుసరిస్తున్నామని రెండు పద్ధతులవాళ్లూ అంటారు. ఒకటి జపాన్ వృక్షశాస్త్రవేత్త అకీరా మియావాకీది. నేలను గుల్లచేసి, ఎరువు కలిపి, చదరపు మీటరుకు మూడు నాలుగు స్థానిక మొక్కలు కిక్కిరిసేలా నాటుతారు. వెలుతురు కోసం పోటీపడి అవి చకచకా లేస్తాయి. రెండు మూడేళ్లు నీళ్లు పోసి, కలుపు తీస్తే చాలు. రెండోది సహాయక సహజ పునరుత్పత్తి. అటవీ సిబ్బంది నోట ఏఎన్ఆర్ (అసిస్టెడ్ నేచురల్ రీజనరేషన్). ఇందులో నాటడం తక్కువ, మోడుల నుంచి, వేళ్ల నుంచి తనంతట వచ్చేదాన్ని కాపాడి పెంచడమే పని. మొక్క పట్టుకుని ఫొటో దిగే వీలు లేదు కాబట్టేనేమో, దీనికి పేరూ రాలేదు.

తెలంగాణలోని ఆకురాల్చే అడవుల వరకు నా ఓటు ఏఎన్ఆర్‌కే. గొడ్డళ్లకు బలైన చోట పైన ఏమీ కనిపించకపోయినా కింద వేళ్లు బతికే ఉంటాయి. టేకు మోడు చుట్టూ గుత్తిగా పిలకలొస్తాయి. తునికి వేళ్ల నుంచే లేస్తుంది. చితికిన మోడును నేలకు దగ్గరగా, వాన నీరు నిలవకుండా ఏటవాలుగా నరకాలి. వచ్చిన పిలకల్లో నిటారుగా ఉన్న ఒకటో రెండో ఉంచి తక్కినవి తీసేయాలి. మోడు పైభాగాన మొలిచింది ఎంత ఏపుగా ఉన్నా వద్దు, గాలికి ఊడిపోతుంది. నేలను ఆనుకుని వచ్చిందే నిలబడుతుంది. పాత చెట్టు వేళ్ల బలమున్న ఆ పిలకతో నర్సరీ కవరు మొక్క పోటీపడలేదు.

ఖర్చూ చూడండి. చదరపు మీటరుకు మూడు లెక్కన ఎకరాకు 12,000 మొక్కలు కావాలి. యాదాద్రి నమూనా పేరుతో మన అటవీశాఖ దాన్ని 4,000కు తగ్గించినా గుంతలు, ఎరువు, నీళ్లు తప్పవు. పైగా మన ఎండు అడవుల్లో చెట్ల మధ్య ఖాళీ ఉంటుంది, అక్కడ గడ్డి పెరుగుతుంది, జింకలు మేస్తాయి. ఆ ఖాళీని మొక్కలతో కుక్కేస్తే ప్రకృతిని అనుసరించినట్టెలా?

నగరంలో చదును చేసిన స్థలమైతే మాట వేరు. మోడులుండవు, విత్తనం తెచ్చే పిట్టలూ అంతంతే. అక్కడ మియావాకీయే మేలు. ఇక జామాయిల్ తోటలు ఈ పోలికలోకే రావు, అవి పంట.

ఏఎన్ఆర్‌కు గండం నిప్పు, మేకలు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు తగలబెడితే ఆ ఏటి పిలకలు మాడిపోతాయి. ఎండలు ముదరకముందే అగ్గి గీతలు, అంటే నిప్పు దాటకుండా ఆకులూ గడ్డీ తీసేసిన బాటలు, కొట్టాలి. మేపుకు వేరే చోటు చూపి ఊరివాళ్లను ఒప్పించకుండా పని మొదలెడితే కూలి డబ్బులు దండగ.