రెండ్రోజుల మృదంగం వర్క్‌షాప్, జిలేబి, పులిహోర

మావాడికి ఎనిమిదేళ్లు, ఏడాదిగా గాత్రం క్లాసుకి పంపిస్తున్నా, మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలైన సరళీ వరసలే దాటలేదు, శనివారం వచ్చిందంటే చాలు కడుపునొప్పి అంటాడు. వేసవి సెలవుల్లో సైనిక్‌పురి వైపు పిల్లలకి మృదంగం వర్క్‌షాప్ పెడుతున్నారంటే ఇంకో 1500 దండగ అనుకుంటూనే కట్టా.

ముందు తిట్టాల్సినవి తిట్టేస్తా. పదింటికన్నారు, పదీ ముప్పావుకి మొదలెట్టారు. ముప్పై మంది పిల్లలకి నాలుగే మృదంగాలు. మంచినీళ్లు కూడా మనమే తెచ్చుకోవాలని ముందు చెప్పలేదు. ఆఖర్న సర్టిఫికెట్లు పట్టుకుని ఫొటోలకి అరగంట, ఎందుకో మరి.

కానీ నేర్పినాయన, కచేరీలు వాయించే విద్వాంసుడు, ఆయన గురించి ఎంత చెప్పినా తక్కువే. వస్తూనే పాఠం ఎత్తుకోలేదు, సంచిలోంచి చిన్న డబ్బా తీసి బొంబాయి రవ్వ నీళ్లతో ముద్ద చేసి మృదంగం ఎడమవైపు మధ్యలో అద్దారు. అద్దకముందు కొడితే టప్‌మని డొల్లగా వచ్చింది, అద్దాక ధోం అని గదంతా మోగింది, అప్పటిదాకా గోల చేస్తున్న పిల్లలంతా గప్‌చుప్. కుడివైపు నల్లటి పూత ఎప్పటికీ ఉండేదే, ఈ రవ్వ మాత్రం వాయించడం అయ్యాక గీకెయ్యాలట. ఇన్నేళ్లు కచేరీలు విన్నా నాకే తెలీదు ఈ సంగతి.

తర్వాత జిలేబి అంటే మూడక్షరాల తకిట, పులిహోర అంటే నాలుగక్షరాల తకధిమి, రెండూ కలిపితే ఏడు, అదే మిశ్రచాపు తాళం అని చప్పట్లతో అనిపించారు. ఒక పాప తప్పేసి ఏడుపు మొహం పెడితే ఆయనా కావాలని తప్పి, నవ్వేసి మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నారు. మావాడు అదే పదిసార్లు చెప్పాడు నాకు, "సార్ కూడా తప్పారమ్మా" అని.

మూడు వారాలైంది. సాధన చెయ్యమంటే ఇప్పటికీ బతిమాలాల్సిందే, రెండ్రోజుల్లో అంతా మారిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. కడుపునొప్పి మాత్రం రావట్లేదు. పైగా ఎనిమిది లెక్కల ఆదితాళంలో పులిహోర సరిగ్గా రెండుసార్లు పడుతుందని వాడే కనిపెట్టి గాత్రం టీచర్‌కి చెప్పొచ్చాడు!

నాలుగు స్టార్లు. మీరు పంపిస్తే ఎన్ని మృదంగాలున్నాయో ముందే అడగండి. రవ్వ డబ్బా కూడా కాస్త పైన పెట్టుకోండి, మా ఇంట్లో స్టీలు గిన్నె బోర్లించి అద్ది చూశాడు, అది మోగలేదు, నా ఉప్మా రవ్వ పోయింది.