సు షీ, యువాన్ మెయ్: భోజనప్రియులైన ఇద్దరు కవులు

భోజనప్రియులుగా పేరుపడ్డ చైనా కవుల్లో సు షీ (1037–1101), యువాన్ మెయ్ (1716–1798) ఇద్దరూ ముందువరుసలో ఉంటారు. అయితే ఒకరు లేమిలో తామే వండుకున్నారు, మరొకరు కలిమిలో వండించుకున్నారు.

1080లో బహిష్కృతుడిగా హువాంగ్‌జౌ చేరిన సు షీ, ధనికులు ముట్టని, పేదలకు వండడం తెలియని చవక పందిమాంసాన్ని కొద్దిపాటి నీళ్లతో, సన్నని సెగమీద, తొందరపడకుండా ఉడికించాలని కవితలోనే చెప్పారు. ఆ తర్వాత హుయిజౌ బహిష్కరణ కాలంలో గొర్రె వెన్నెముకను ఉడికించి, మద్యంలో నానబెట్టి, కాస్త ఉప్పు చల్లి, లేతగా కాల్చి, ఎముకల సందుల్లోని మాంసాన్ని పీతను ఒలుచుకు తిన్నట్టు ఏరుకు తింటున్నానని, ఈ పద్ధతి వ్యాపిస్తే కుక్కలకు నచ్చదని తమ్ముడికి సరదాగా రాశారు. లిపికళలో అగ్రగణ్యుడు, వెదురు చిత్రాలు గీసినవాడు, హాంగ్‌జౌలో పశ్చిమ సరస్సు పూడిక తీయించి ఆ మట్టితోనే పొడవైన గట్టు వేయించిన అధికారి కూడా ఆయనే.

యువాన్ మెయ్ ముప్పై దాటిన కొద్దికాలానికే ఉద్యోగం విడిచి, నాన్‌జింగ్‌లోని తన తోటలో స్థిరపడి, ఇతరుల ఇళ్లలో నచ్చిన వంటకాలను తన వంటవాళ్లకు నేర్పించి, ఆ పద్ధతులను 1792లో గ్రంథంగా వెలువరించారు. దినుసుల ఎంపికలో, పాత్రల శుభ్రతలో ఆయన చూపిన నిక్కచ్చితనం సు షీలో కనిపించదు. వంట నేర్చుకోదలచినవారికి యువాన్ మెయ్ మేలైన గురువు. అయినా బహుముఖ ప్రజ్ఞలోనూ, కష్టకాలంలో రుచిని కనిపెట్టిన తీరులోనూ నాకు సు షీయే మిన్నగా తోస్తారు.