గ్లాడ్‌స్టన్ గ్రంథాలయం: అలసిన పాస్టరుకు ఒక మంచి బస

ఆదివారం ఆరాధన, వారం మధ్యలో ప్రార్థన కూటాలు, గృహ దర్శనాలు, పెళ్లిళ్లు, భూస్థాపనల మధ్య ఊపిరాడని పాస్టరు ఏ పుస్తకం తెరిచినా అది రాబోయే ప్రసంగం కోసమే అవుతుంది. ఆ తొందర లేకుండా చదువుకోవడానికీ, కంటినిండా నిద్రపోవడానికీ ఒక చోటు కావాలనుకునేవారికి, ముఖ్యంగా బ్రిటన్‌లోని తెలుగు సంఘాలలో పరిచర్య చేస్తున్నవారికి, ఉత్తర వేల్స్‌లోని గ్లాడ్‌స్టన్ గ్రంథాలయాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను.

చెస్టర్ నగరానికి దగ్గరలో, హవార్డెన్ గ్రామంలో ఉన్న ఈ గ్రంథాలయంలో బస చేయడానికి 26 గదులున్నాయి. నాలుగుసార్లు బ్రిటన్ ప్రధానమంత్రి అయిన విలియం గ్లాడ్‌స్టన్ తన సొంత పుస్తకాలు దాదాపు 32,000 దీనికి ఇచ్చి, ఎనభై దాటిన వయసులో వాటిని తోపుడుబండి మీద చేరవేయడంలో తానూ చేయి వేశారు. ఆయన మరణం తరువాత ప్రజల విరాళాలతో కట్టిన ప్రస్తుత భవనం 1902లో ప్రారంభమైంది.

వేదాంత గ్రంథాలున్న గదిలో మాటలకు తావు లేదు. బీరువాలను గోడకు ఆనించకుండా గది లోపలికి పొడుచుకువచ్చేలా నిలిపినందువల్ల, వాటి మధ్య మూలల్లో కూర్చుంటే పక్కన ఇంకొకరున్నారన్న ధ్యాసే రాదు. గ్లాడ్‌స్టన్ చదివిన ప్రతుల అంచుల్లో ఆయన పెట్టుకున్న గుర్తులు, రాసుకున్న వ్యాఖ్యలు నేటికీ ఉన్నాయి. రాజ్యభారం మోస్తూనే అంత శ్రద్ధగా చదివిన మనిషి ఎదుట, తీరిక లేదన్న మన సాకు తేలిపోతుంది. అయితే ఆయన తండ్రి జాన్ కరీబియన్ తోటల్లో బానిసల శ్రమతో సంపద కూడబెట్టారనీ, 1838లో కలకత్తా నుంచి గయానాకు మన దేశపు కూలీలను రప్పించిన యజమానుల్లో ఆయన ముఖ్యుడనీ భారతీయ పాఠకుడు మరచిపోకూడదు. ఆ వంశీకులు 2023లో గయానా వెళ్లి క్షమాపణ చెప్పారు.

గదుల్లో టీవీ ఉండదు. ప్రార్థనామందిరం, భోజన వసతి అక్కడే ఉన్నాయి. పగటి సందర్శకులు వెళ్లిపోయాక కూడా బస చేసేవారు చదువుకోవచ్చు. గొంతెత్తి ప్రార్థించే అలవాటున్నవారికి, ఉజ్జీవ కూటాల ఉత్సాహం కోరుకునేవారికి మాత్రం ఈ నిశ్శబ్దం నప్పదు. ఒక్క రాత్రి బస నా దృష్టిలో డబ్బు దండగ, ఎందుకంటే అలసిన మనిషికి మొదటి రోజంతా నిద్రకే సరిపోతుంది. సోమవారం వెళ్లి శుక్రవారం తిరిగి వచ్చేలా గది తీసుకుని, ఫోను బాధ్యతను ఒక సంఘపెద్దకు అప్పగించి వెళ్లడం మేలు.